మీకు తెలుసా? వేళ్లు తెగిన చెట్టును బతికించేదెలా

రోడ్డు వెడల్పు చేయాలనో, ఇల్లు కట్టాలనో, తోటలో వరసలు మార్చాలనో ఉన్న చెట్టును కదిలించక తప్పని పరిస్థితి వస్తుంటుంది. నరికేసే బదులు తవ్వి మరోచోట నాటుకుందామన్న ఆలోచన మంచిదే. కానీ అనంతపురం మెట్టలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా దీనికి పేరు. నిలదొక్కుకున్న చెట్టే వేసవిలో వాడిపోయే ఈ నేలలో, వేళ్లు తెగిన చెట్టును బతికించుకోవాలంటే కొన్ని సంగతులు తెలిసుండాలి.

చెట్టు వెంట వచ్చే వేళ్లు పదో వంతు కూడా ఉండవు

చెట్టు ఎంత ఎత్తుంటే వేళ్లు అంత లోతుకు దిగి ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి నీళ్లు పీల్చే వేళ్లలో ఎక్కువ భాగం పైపై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. పక్కలకు మాత్రం కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి. అందుకే బోదె చుట్టూ ఎంత జాగ్రత్తగా తవ్వినా నూటికి తొంభై పాళ్లకు పైగా వేళ్లు పాత గుంతలోనే ఉండిపోతాయి. ఆకులేమో అన్నీ అలాగే ఉంటాయి. ఇంటి రాబడి పదో వంతుకు పడిపోయి, ఖర్చు మాత్రం పాతదే అయితే సంసారం ఏమవుతుందో చెట్టుకూ అదే అవుతుంది. చెట్టు చచ్చేది వేరు తెగిన గాయంతో కాదు, దాహంతో. కింద చెప్పుకునే పద్ధతులన్నీ రాబడి పెంచేవో, ఖర్చు తగ్గించేవో అయి ఉంటాయి.

నీళ్లు తాగేది లావుపాటి వేరు కాదు

చేతి మందం వేరు చెట్టును నిలబెడుతుంది, నీళ్లను పైకి మోస్తుంది. మట్టిలోంచి నీటిని పీల్చే పని ప్రధానంగా సన్నని పీచువేళ్లది, వాటి కొసల దగ్గర పుట్టే మూలకేశాలది. అవి ఎన్ని ఉంటాయో 1937లో హోవార్డ్ డిట్మర్ అనే అమెరికా శాస్త్రవేత్త లెక్కకట్టాడు. నాలుగు నెలల వయసున్న ఒకే ఒక్క రై మొక్కకు కోటీ 38 లక్షల వేళ్లు తేలాయి. అన్నిటినీ కలిపి సాగదీస్తే పొడవు 620 కిలోమీటర్లు దాటింది. మూలకేశాలు దాదాపు 1400 కోట్లు! ఇవి బహు సున్నితం. ఎండలో, గాలిలో కాసేపుంటే చాలు, ఎండి పనికిరాకుండా పోతాయి. తవ్వితీసిన మొక్క వేళ్లను తడి గోనెపట్టాలో చుట్టి నీడలో పెట్టమని నర్సరీవాళ్లు చెప్పేది అందుకే. నాటేచోట గుంత ముందే సిద్ధంగా ఉంటే చెట్టును తవ్విన రోజే నాటేయవచ్చు.

జేసీబీ చీల్చిన వేరు కంటే రంపం కోసిన వేరు మేలు

జేసీబీ బకెట్ వేరును కోయదు, లాగి చీలుస్తుంది. ఆ చీలిక ఒక్కోసారి వేరు వెంట చాలా దూరం లోపలికి పోతుంది. చీలిన భాగం కుళ్లిపోతుంది, కొత్త వేళ్లు రావడం ఆలస్యమవుతుంది. తెగిన వేరు నుంచి కొత్త పీచువేళ్లు ఎక్కువగా పుట్టేది కోతకు కాస్త వెనకనుంచే. అందుకని అక్కడ నున్నటి కోత ఉండాలి. కందకం మిషన్‌తో తవ్వినా, బోదె వైపు మిగిలిన వేళ్ల కొసలను రంపంతోనో పదునైన కత్తితోనో మళ్లీ కోయాలి. గంట పని అది, తరవాత నెలల ఆలస్యాన్ని తప్పిస్తుంది.

నాటడానికి ఏడాది ముందే పని మొదలుపెట్టవచ్చు

పెద్ద చెట్టును కదిలించక తప్పదని ముందే తెలిస్తే, అన్ని వేళ్లూ ఒక్కసారే తెగ్గొట్టనక్కర్లేదు. బోదె చుట్టూ గీసుకున్న వలయంలో సగభాగాన్ని వానలు మొదలవగానే కందకంలా తవ్వి, వేళ్లు కోసి, మెత్తటి మట్టి, చివికిన ఎరువు కలిపి పూడ్చి తడుపుతుండాలి. మిగతా సగంతో చెట్టు బతుకుతుంటుంది. కోసిన వైపు కొత్త పీచువేళ్లు వచ్చాక రెండో సగం తవ్వాలి. చివరికి చెట్టును లేపే రోజుకు బోదె దగ్గరే వేళ్ల గుబురు తయారై ఉంటుంది. ఎక్కడో దూరాన ఉండాల్సిన రాబడిని దగ్గరకు తెచ్చుకోవడమన్నమాట. తొందరలో ఉన్న కాంట్రాక్టరు చేయలేనిది, ఓపికున్న రైతు చేయగలిగేది ఇదే.

నాలుగంగుళాల బోదె ఉన్న చెట్టు ముక్కాలు టన్ను తూగుతుంది

వేళ్లతో పాటు తీసే మట్టిముద్ద బోదె మందానికి కనీసం పది రెట్ల వెడల్పు ఉండాలన్నది నర్సరీలు పాటించే లెక్క. బోదె పది సెంటీమీటర్లుంటే ముద్ద మీటరు వెడల్పు. అరవై సెంటీమీటర్ల లోతు తీస్తే తడిమట్టి ఒక్కటే సుమారు ముక్కాలు టన్ను అవుతుంది. బోదె అడుగు మందం ఉంటే బరువు పది టన్నులు దాటిపోతుంది. అందుకే క్రేన్లు, ట్రాలీలు. అనంతపురంలో మరో చిక్కుంది. ఇక్కడి ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేలలో మట్టి ముద్దగా నిలవదు, పొడిగా ఉంటే జారి రాలిపోతుంది. తవ్వడానికి ఒకటి రెండు రోజుల ముందు బాగా తడిపి, మట్టిని గోనెపట్టాతో బిగించి కుట్టి, తాడుతో కట్టాకే కింద వేళ్లు కోయాలి. లేపేటప్పుడు తాడు తగిలించాల్సింది మట్టిముద్దకే. బోదెకు తగిలిస్తే బెరడు ఊడిపోతుంది.

మూడున్నర వేల ఏళ్ల కిందటే బుట్టల్లో చెట్లు ప్రయాణించాయి

క్రీస్తుకు పూర్వం 15వ శతాబ్దంలో ఈజిప్టును ఏలిన రాణి హాత్‌షెప్సుత్, పుంట్ అనే దేశానికి ఓడలు పంపి సాంబ్రాణి జాతి చెట్లను తెప్పించుకుంది. లెక్కకు 31 చెట్లు. డెయిర్ ఎల్ బహ్రీలోని ఆమె ఆలయం గోడల మీద ఆ దృశ్యం చెక్కి ఉంది. వేళ్లు మట్టితో సహా బుట్టల్లో పెట్టి, బుట్టలను కర్రలకు తగిలించి మనుషులు భుజాల మీద మోస్తున్నారు. బుట్ట పోయి గోనెపట్టా వచ్చింది, భుజాలు పోయి క్రేను వచ్చింది. వేళ్లను మట్టినుంచి విడదీయకూడదన్న నియమం అప్పటిదే.

వరాహమిహిరుడు చెట్టు వయసును బట్టి కాలం చెప్పాడు

ఆరో శతాబ్దపు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే ఉంది. కొమ్మలు రాని మొక్కలను శిశిరంలో, కొమ్మలు వేసినవాటిని హేమంతంలో, బోదె బలిసినవాటిని వర్షర్తువులో మార్చి నాటమని అందులో ఉంది. నెయ్యి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగాలు, పాలు, పేడ కలిపి వేరు నుంచి బోదె దాకా పూస్తే ఆకులతో సహా చెట్టును తరలించవచ్చంటాడు. అంత ఖర్చు మనకెందుకు గానీ, తెగిన వేరు ఎండిపోకుండా కప్పడం, మొదలుకు తేమ నిలపడం అనే రెండు పనులూ ఆ పూతలో ఉన్నాయి. నాటాక వేసవిలో ఉదయం, సాయంత్రం, చలికాలంలో రోజు విడిచి రోజు, వానాకాలంలో నేల ఆరినప్పుడు తడి ఇవ్వమన్నాడు. సురపాలుడు రాసిన మరో వృక్షాయుర్వేదం రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంటే, దాన్ని తెప్పించి 1996లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేసింది మన సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషనే.

అనంతపురంలో తొలకరి కన్నా సెప్టెంబరు మేలు

తొలకరి పడగానే మొక్కలు నాటడం అందరికీ అలవాటు. అనంతపురం లెక్క వేరు. పడమటి కనుమల చాటున ఉన్న ఈ మెట్టకు జూన్, జూలైల్లో వాన కన్నా గాలే ఎక్కువ వస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు వెలసింది ఆ గాలిని నమ్ముకునే. కరెంటుకు మంచిదైన ఆ గాలే వేళ్లు తెగిన చెట్టుకు శత్రువు. ఆకుల్లోంచి తేమను గంటగంటకూ లాగేస్తుంది. జిల్లాలో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరు. ఆ తర్వాత అక్టోబరు వానలు, చలికాలపు మెత్తటి ఎండ ఉంటాయి. కాబట్టి కందకం తవ్వి వేళ్లు కోసే పని ముందటి ఏడాది వానలకు పెట్టుకుని, చెట్టును లేపి నాటేది ఆగస్టు చివరనుంచి పెట్టుకుంటే కొత్త వేళ్లకు వేసవి లోపు అయిదారు నెలల గడువు దొరుకుతుంది. నాటాక గాలి వచ్చే పడమటి వైపు గోనెపట్టాతోనో షేడ్‌నెట్‌తోనో తెర కడితే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

కొమ్మలన్నీ కొట్టేయడం అన్ని చెట్లకూ మంచిది కాదు

వేళ్లు తగ్గాయి కాబట్టి కొమ్మలూ తగ్గిద్దామనడం సబబుగానే తోస్తుంది. కానీ కొత్త వేళ్లు పుట్టడానికి తోడ్పడే ఆక్సిన్ అనే హార్మోను తయారయ్యేది కొమ్మల కొసల్లోని చిగురు మొగ్గల్లో. వేళ్లకు కావలసిన తిండి తయారయ్యేది ఆకుల్లో. అన్నీ కొట్టేస్తే ఖర్చుతో పాటు రాబడికి మూలధనం కూడా పోతుంది. మర్రి, రావి, జువ్వి వంటివి మోడు నుంచి ఇట్టే చిగురిస్తాయి, వాటికి కొమ్మలు కొట్టినా ఫరవాలేదు. మిగతావాటికి ఎండినవి, విరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీసి, నీళ్లు సరిగా ఇవ్వలేమనుకుంటే ఉన్న ఆకులో కొంత దూసేసి, కొమ్మల కొసలు ఉంచడం మంచిది. ఎండ నేరుగా తగిలే బోదెకు సున్నం కొడితే బెరడు పగలదు. పెద్ద కోతలకు బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు దాని పాళ్లు.

ఊడలున్న చెట్టుకు వేళ్ల కొరత ఉండదు

కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది, 1989లో గిన్నిస్ బుక్కుకెక్కింది. దాదాపు అయిదెకరాలు పరుచుకున్న ఆ చెట్టును మోస్తున్నవి నేలకు దిగిన ఊడలు. హౌరా బొటానికల్ గార్డెన్‌లోని మహావటానికి శిలీంధ్రం పట్టి అసలు బోదెనే 1925లో తీసేశారు. ఊడల మీదే అది నేటికీ పెరుగుతోంది. బోదెలో ఎక్కడనుంచైనా వేరు పుట్టించుకునే ఈ గుణమే మర్రిని తరలింపుకు అనువైన చెట్టుగా చేసింది. రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేట మండలం సుద్దాలలో డెబ్బయ్యేళ్ల మర్రి వానలకు వేళ్లతో సహా ఒరిగి నెలల తరబడి పడి ఉంది. ఒక ప్రకృతి ప్రేమికుడు రోజూ నీళ్లు పోయించగా చిగురు వేసింది. 2022 ఫిబ్రవరిలో భారీ క్రేన్లతో లేపి కిలోమీటర్ల దూరాన జిల్లెళ్ల అటవీ ప్రాంతంలో నాటారు. క్రేన్ల కంటే ముందు చెట్టును కాపాడింది ఆ రోజువారీ నీళ్లే.

టేకు మొక్కకు పక్కవేళ్లన్నీ కోసేసి నాటుతారు

అటవీ శాఖ నర్సరీల్లో టేకును ‘స్టంప్’ చేసి నాటే పద్ధతి పాతదే. ఏడాది వయసు మొక్కను పీకి, పైన రెండు మూడు సెంటీమీటర్ల కాండం, కింద పదిహేను ఇరవై సెంటీమీటర్ల తల్లివేరు ఉంచి, ఆకులు, పక్కవేళ్లు మొత్తం కోసేస్తారు. చూడటానికి బొటనవేలి మందం పుల్ల. వానల్లో గడ్డపారతో చేసిన కన్నంలో దింపి మట్టి తొక్కితే చాలు, చిగురిస్తుంది. ఖర్చుపెట్టే ఆకు ఒక్కటీ లేదు. తిండి అంతా ఆ తల్లివేరులో నిలవ ఉంది. మల్బరీలో తల్లివేరు కూడా అక్కర్లేదు. మూడు నాలుగు కన్నులున్న కొమ్మ ముక్క చాలు. పట్టు పరిశోధనకు హిందూపురం పక్కన కిరికెరలో రాష్ట్ర సంస్థే ఉన్న ప్రాంతం కాబట్టి ఈ సంగతి ఇక్కడి రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నారయేపి మాత్రం కదిలిస్తే ఒప్పుకోదు

అనంతపురం అడవుల సొంత చెట్టు నారయేపి. దీని విత్తనం మొలవగానే ఆకు సంగతి పక్కన పెట్టి తల్లివేరును లోతుకు దించుతుంది. ఆ వేరుతోనే రాతినేలల్లో, ఎండల్లో నిలబడుతుంది. ఆ వేరు తెగితే మొక్కకు దారి లేదు. పాలిథీన్ సంచిలో పెంచితే వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది, లేదా సంచి చీల్చుకుని నేలలోకి దిగి, తీసేటప్పుడు తెగుతుంది. ఇలాంటి చెట్లను పెరిగేచోటే విత్తనం వేసి పెంచడం సులువు. ఏ చెట్టును తరలించవచ్చో తెలుసుకోవడం ఎంత అవసరమో, దేన్ని ముట్టుకోకూడదో తెలుసుకోవడమూ అంతే.

కొబ్బరికి లెక్క వేరు

కొబ్బరి, ఖర్జూరం, ఈత లాంటివాటికి బోదె అడుగునుంచి కొత్త వేళ్లు పుడుతూనే ఉంటాయి. అందుకే పెద్ద చెట్లను కూడా చిన్న మట్టిముద్దతో తరలించగలుగుతున్నారు. కొబ్బరిలో తెగిన వేళ్లలో సుమారు సగం మళ్లీ పక్కవేళ్లు వేస్తాయని ఫ్లోరిడా పరిశోధకులు తేల్చారు. కోసినప్పుడు ఎంత పొడవు ఉంచామన్నదానితో పెద్ద తేడా రాలేదు. అయితే వీటికి చిగురు ఒక్కటే, తలలో ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే చెట్టు పోయినట్టే. అడుగు మట్టలు తీసి, పైవాటిని చిగురు చుట్టూ వదులుగా కట్టి ప్రయాణం చేయించడం అందుకే.

చీనీ అంటును లోతుగా నాటితే బంక కారుతుంది

వేళ్లు తక్కువున్న మొక్కను కాస్త లోతుగా నాటితే గట్టిగా నిలుస్తుందని అనిపిస్తుంది. అది అపోహ. చీనీ అంట్లు ఎక్కువగా రంగపూర్ నిమ్మ మొదలు మీద కట్టినవి. అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన ఉండాలి. అది మట్టిలోకి పోతే, పాదులో నీళ్లు మొదలుకు తగులుతుంటే ఫైటాఫ్తొరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి చేరి బంక తెగులు వస్తుంది. ఏ చెట్టుకైనా పాత నేలమట్టం గుర్తు బోదె మీద కనిపిస్తుంది. కొత్తచోటా అదే మట్టానికి నాటాలి. గుంత లోతు కన్నా వెడల్పు ముఖ్యం. అడుగున గరుసు గట్టిగా ఉంటే చుట్టూ వదులు చేయాలి గానీ, ఎరువు దట్టంగా నింపితే అది కుంగి చెట్టునూ కిందికి దింపుతుంది.

పాదు నిండా నీళ్లున్నా చెట్టు ఎండిపోవచ్చు

కొత్తగా నాటిన చెట్టు మొదటి వారాల్లో తాగేది తన వెంట తెచ్చుకున్న మట్టిముద్దలోంచే. ముద్ద త్వరగా ఆరిపోతుంది, చుట్టూ కొత్త మట్టి మాత్రం తడిగానే ఉంటుంది. పైన చూసి సరిపోయిందనుకుంటాం. అందుకే మొదట్లో నీళ్లు బోదె దగ్గర, ముద్ద మీదే పడాలి, కొద్దికొద్దిగా తరచుగా పడాలి. నెలలు గడిచేకొద్దీ పాదు వెడల్పు చేసుకుంటూ పోవాలి. డ్రిప్పు ఉంటే డ్రిప్పర్లను కూడా అలాగే బయటికి జరపాలి. డ్రిప్పు లేనిచోట మట్టికుండ ఉంది. కాల్చిన కుండను మెడ దాకా పాతి, నీళ్లు పోసి మూత పెడితే గోడల్లోంచి తేమ ఊరుతూ ఉంటుంది. చైనాలో క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దపు వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. పాదు మీద నాలుగంగుళాల మందాన శెనక్కాయ పొట్టో, ఎండుగడ్డో పరిస్తే తడి నిలుస్తుంది. మొదలుకు మాత్రం తగలనీయకూడదు.

తవ్వనక్కర్లేని అడవి కూడా ఉంది

1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వారు 32 ఎకరాల బీడు తీసుకున్నారు. నాటిన మొక్కల కన్నా, పశువుల మేతనుంచి, నిప్పునుంచి కాపాడిన నేలే ఎక్కువ ఫలితమిచ్చింది. నరికి, మేపి, కాల్చి పైకి ఏమీ కనిపించని చోట కూడా నేలలో పాత చెట్ల వేళ్లు బతికే ఉంటాయి. అలాంటి మోడు నుంచి వచ్చే చిగురుకు పూర్తి వేళ్లు ముందే సిద్ధం. రాబడి నూరు పాళ్లు, ఖర్చు చిటికెడు. తరలించిన ఏ చెట్టుకూ ఈ అదృష్టం లేదు.

చిన్న చెట్టు పెద్దదాన్ని అందుకుంటుంది

ఒకేసారి తరలించిన పెద్ద చెట్టు, చిన్న చెట్టు పక్కపక్కన నాటితే, కొన్నేళ్లకు రెండూ ఒకే ఎత్తున కనిపించడం వింత కాదు. పోగొట్టుకున్న వేళ్లను చిన్నది త్వరగా సంపాదించుకుని పెరుగుదల మొదలుపెడుతుంది. పెద్దది ఏళ్ల తరబడి ఆకు చిన్నదై, కొసలు ఎండి, ఉన్నచోటే ఉంటుంది. చల్లటి దేశాల్లో బోదె అంగుళం మందానికి ఏడాది చొప్పున కోలుకునే గడువు వేస్తారు. మన ఎండల్లో వేళ్లు ఇంకా తొందరగా పెరుగుతాయి, నీళ్లుంటేనే. నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చిన 2002 నుంచి చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, బదులు మొక్కలు నాటాలి. తరలించడం దానికన్నా మంచి పేరు తెచ్చే పని కాబట్టి చెట్టును లేపే రోజున ఫొటోలు దిగుతారు. బతికిందో లేదో తేలేది రెండో వేసవి దాటాక. కనుక మీ ఊళ్లో ఎవరైనా చెట్టును తరలిస్తామని వస్తే క్రేను ఎంతదని అడక్కండి. రెండు వేసవులకు ట్యాంకరు ఖర్చు ఎవరు పెడతారో, రోజూ నీళ్లు ఎవరు పోస్తారో అడిగి, ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి.